ముల్లును ఎత్తేది ఎవరు?

ఓరుగల్లు నగరంలోని పాత పెంకుటిళ్లలో అటక దులిపినప్పుడు అప్పుడప్పుడు ఒక బరువైన పెట్టె బయటపడుతుంది. దస్తావేజులో ఇత్తడి సామానో ఉంటాయని తెరిచినవారికి అందులో నల్లని గుండ్రని పలకలు వరుసగా కనిపిస్తాయి. ఒక్కొక్క దానికి కాగితపు తొడుగు, నడుమ రంగు చీటీ, చీటీపై బూర ముందు చెవి రిక్కించి కూర్చున్న కుక్క బొమ్మ. ఇంటి పెద్దలు వాటిని ‘ప్లేట్లు’ అంటారు. గ్రామఫోను రికార్డులని వాటి అసలు పేరు.

అటువంటి పెట్టె హనుమకొండలోని ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ఇంట దొరికిందని అనుకుందాం. ఆయన వయస్సు డెబ్బై దాటింది. చేతులు కొద్దిగా వణుకుతాయి. పెట్టెలో సగం ఆయన తండ్రి కొన్నవి: తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలలోని పద్యాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం రచించిన సత్యహరిశ్చంద్రీయంలోని కాటిసీను. నాటకకర్త వ్రాయకపోయినా నటులు ఆ సీనులో చేర్చుకొని పాడిన జాషువా శ్మశానవాటి పద్యాలు కూడ వాటిలో ఉన్నాయి. మిగిలిన సగం ఆయన స్వయంగా కొన్నవి: ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గానం చేసిన వేంకటేశ్వర సుప్రభాతం, ఘంటసాల చివరి కాలంలో పాడిన భగవద్గీత, కొన్ని చలనచిత్ర గీతాలు. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న కుమారుడు వీటిని వినడానికి ఒక యంత్రం పంపుతానంటాడు. ఏది పంపాలి? చేతితో ముల్లు పెట్టి చేతితోనే తీయవలసిన మాన్యువల్ రికార్డు ప్లేయరా? మీట నొక్కితే తానే ముల్లు పెట్టుకొని, పాట ముగియగానే తానే ఆగిపోయే ఆటోమేటిక్ రికార్డు ప్లేయరా?

పైకి ఇది సౌకర్యానికి సంబంధించిన ప్రశ్నవలె కనిపిస్తుంది. అయితే ఆ పెట్టెలోని వస్తువులలో కొన్నింటికి మరొక ప్రతి దొరకదు. సుప్రభాతం రికార్డు పాడైతే ఇంకొకటి సంపాదించవచ్చు. ఏనాడో కన్నుమూసిన ఒక రంగస్థల నటుని గొంతు ఆ ఒక్క పలక మీదనే మిగిలి ఉంటే, తగని ముల్లు దానిపై గీసిన గీత ఇక ఎప్పటికీ పోదు. బొబ్బిలి రాజవంశానికి చెందిన వి.ఎ.కె. రంగారావు వేల సంఖ్యలో పాత రికార్డులను మద్రాసులో సేకరించి భద్రపరచబట్టే తెలుగు పాట చరిత్రలో ఎన్నో సంగతులు తెలిశాయి. ఇళ్లలో చెల్లాచెదురుగా పడి ఉన్న రికార్డులకు అటువంటి రక్షకులు లేరు. వాటి బ్రతుకు కొన్న యంత్రం మీద, దానిని వాడే మనిషి మీద ఆధారపడి ఉంటుంది.

ధ్వనిని బంధించి తిరిగి వినిపించే యంత్రాన్ని 1877లో ఎడిసన్ తయారు చేశాడు. అది గొట్టం ఆకారంలో ఉండేది. దాని స్థానంలో చదునైన పలకను ప్రవేశపెట్టి 1887లో గ్రామఫోనుకు రూపమిచ్చినవాడు ఎమిల్ బెర్లినర్. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ మొదలైనవారి పాటలను రికార్డు చేయడంతో ఈ దేశంలో ఆ విద్యకు నాంది పలికినట్లయింది. తొలినాటి రికార్డులు నిమిషానికి 78 చుట్లు తిరిగేవి. పది అంగుళాల పలకపై ఒక్కొక్క వైపు సుమారు మూడు నిమిషాల పాట పట్టేది. అందుకే నాటకంలో అరగంట సాగే రాగాలాపన రికార్డులో మూడు నిమిషాలకు కుదించుకుపోయింది.

ఆ పలకలను లక్కలో రాతిపొడి కలిపి పోతపోసేవారు. ప్రపంచానికంతటికీ కావలసిన లక్కలో అధిక భాగం భారతదేశపు అడవుల నుంచే వెళ్లేది. మహాభారతంలో పాండవులను దహించడానికి కౌరవులు కట్టించిన ఇల్లు లక్కయిల్లు. ఆ పాండవుల రాయబార పద్యాలు ఇరవయ్యవ శతాబ్దంలో తెలుగువారి ఇంటింటికీ చేరింది కూడ లక్క మీదనే కావడం చిత్రమైన సంగతి.

1948లో అమెరికాలో నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే లాంగ్ ప్లే రికార్డు, 1949లో 45 చుట్ల చిన్న రికార్డు వచ్చాయి. ఇవి వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేసినవి. లాంగ్ ప్లే రికార్డుపై ఒక వైపున ఇరవై నిమిషాలకు పైగా పాట పడుతుంది. ఇతర దేశాలలో 78 రికార్డులు త్వరగా మూలబడ్డాయి కాని, విద్యుత్తు చేరని గ్రామాలలో కీ ఇచ్చి తిప్పే గ్రామఫోనులే దిక్కు కాబట్టి మన దేశంలో 1960వ దశకం చివరి దాకా వాటి తయారీ కొనసాగింది. ఇంగ్లండుకు చెందిన బీటిల్స్ బృందం పాటలు కూడ ఇక్కడ 78 రికార్డులుగా వెలువడ్డాయి. మన పాత పెట్టెలలో రెండు జాతుల రికార్డులు కలిసి ఉండటానికి కారణమిదే. యంత్రాన్ని ఎన్నుకునేటప్పుడు చిక్కంతా ఈ కలగలుపుతోనే వస్తుంది.

ఈ రెండు జాతుల రికార్డులకు వేగమే కాదు, గాడి వెడల్పు కూడ వేరు. 78 రికార్డు గాడికి సరిపోయే ముల్లు మొన, లాంగ్ ప్లే రికార్డు ముల్లు మొన కంటే సుమారు మూడు రెట్లు లావుగా ఉంటుంది. సన్నని ముల్లును పాత గాడిలో పెడితే అది అడుగున చేరి దుమ్మును గీకుతూ బుసబుసమంటుంది. లావు ముల్లును కొత్త రికార్డుపై పెడితే గాడి గోడలు చెడిపోతాయి. కీ గ్రామఫోను ధ్వనిపెట్టె బరువు వంద గ్రాములకు పైగా ముల్లుపై పడుతుంది. ఉక్కు ముల్లును ఒక్కొక్క వైపు పాడగానే మార్చవలసి ఉండేది. ఈనాటి ప్లేయర్లలో వినైల్‌పై పడే బరువు సుమారు రెండు గ్రాములు మాత్రమే. కనుక వినైల్ రికార్డును అలనాటి గ్రామఫోనుపై పెట్టడమంటే పట్టుచీరను బండరాయిపై ఉతకడమే అవుతుంది.

ఇక ఈ రెండు విధాల యంత్రాల సంగతి. రికార్డు తిరిగే పళ్లెం, ముల్లును మోసే కడ్డీ రెండింటికీ సమానమే. మాన్యువల్ ప్లేయరులో ఆ కడ్డీని మనిషే రికార్డు అంచు మీదికి తెచ్చి దించాలి. చాలా వాటిలో కడ్డీని మెల్లగా ఎత్తి దించడానికి ఒక చిన్న మీట ఉంటుంది. పాట ముగిశాక మనిషే లేచి వెళ్లి కడ్డీని ఎత్తాలి. సెమీ ఆటోమేటిక్ అనే మధ్యరకంలో ముల్లు పెట్టడం మనిషి పని, ముగింపులో ఆపడం యంత్రం పని. పూర్తి ఆటోమేటిక్‌లో ఈ రెండు పనులూ యంత్రానివే.

పాట ముగిసిందని యంత్రానికి ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్న విద్యార్థులకు కలగవలసినదే. పాత యంత్రాలలో ఇందుకు విద్యుత్ మెదడు ఏదీ లేదు. పళ్లెం అడుగున ఒక పెద్ద పళ్లచక్రం ఉంటుంది. దానిలో ఒకచోట పళ్లు ఉండవు. పాట సాగినంతసేపు ఆ ఖాళీ భాగం పళ్లెం ఇరుసుకు ఎదురుగా ఉంటుంది కనుక చక్రం కదలదు. పాట ఉన్న గాడి చుట్లు బహు దగ్గరగా ఉండటంవల్ల ఒక్కొక్క చుట్టుకు కడ్డీ ఇంచుమించు వెంట్రుకవాసి మాత్రమే లోపలికి జరుగుతుంది. కడ్డీకి అనుబంధంగా ఉన్న ఒక చిన్న కొక్కెం కూడ అంతే నెమ్మదిగా ముందుకు వస్తుంది. పళ్లెం అడుగునున్న మొట్టె ప్రతి చుట్టులోను దానిని తాకి వెనక్కు నెట్టివేస్తుంది. పాట అయిపోయాక గాడి విశాలంగా పరుచుకొని కడ్డీని ఒక్కసారిగా లోపలికి లాగుతుంది. అప్పుడు కొక్కెం కూడ వేగంగా ముందుకు వచ్చి మొట్టెకు చిక్కుతుంది, పళ్లచక్రం కదులుతుంది, ఆ చక్రం ఒక పూర్తి చుట్టు తిరిగేలోగా కడ్డీ పైకి లేచి, ప్రక్కకు జరిగి, తన స్థానంలో విశ్రమిస్తుంది. ఈ పనికంతటికీ బలం పళ్లెం త్రిప్పే మోటారుదే. చూడముచ్చటైన ఏర్పాటు.

పదకొండవ శతాబ్దంలో ధారానగరాన్ని ఏలిన భోజరాజు పేరిట వెలసిన సమరాంగణ సూత్రధారంలో యంత్రాలను గురించి ఒక అధ్యాయమే ఉంది. అందులో తనంత తాను నడిచే యంత్రాన్ని స్వయంవాహకమని, ఒకసారి ప్రేరేపిస్తే నడిచేదానిని సకృత్ప్రేర్యమని విభజించారు. నిఘంటువు చూసుకొని ఆటోమేటిక్ అనే మాటకు స్వయంవాహకమని అర్థం చెప్పవచ్చు. కాని మీట నొక్కడానికి, రికార్డును రెండవ వైపుకు తిప్పడానికి, దుమ్ము తుడవడానికి మనిషి కావాలి కనుక భోజుని లెక్కలో అది సకృత్ప్రేర్యమే. ఆ మాటకు వస్తే ఒకసారి కీ ఇస్తే ఒక వైపంతా పాడే పాత గ్రామఫోను కూడ ఆ కోవలోకే వస్తుంది.

ఆటోమేటిక్ జాతిలో మరింత ఘనమైనది చేంజరు. 78 రికార్డు మూడు నిమిషాలకే ముగిసిపోయే రోజుల్లో మాటిమాటికి లేవడం విసుగనిపించి దీనిని కనిపెట్టారు. అమెరికాలోని విక్టర్ కంపెనీ 1927లో ఇటువంటి యంత్రాన్ని మార్కెట్టులోకి తెచ్చింది. ఇంగ్లండులోని గారర్డ్ కంపెనీ చేంజర్లు మన దేశంలోనూ పేరు పొందాయి. నడుమనున్న పొడవాటి కుదురుపై ఐదారు రికార్డులు దొంతరగా పెడితే ఒకటి ముగిశాక మరొకటి దానిమీద పడి పాడుతుంది. ఈ యంత్రాల కోసం విదేశాలలో కొన్ని సెట్లను ప్రత్యేకమైన వరుసలో ముద్రించేవారు. మూడు రికార్డుల సెట్టులో మొదటి వైపుకు వెనుక ఆరవ వైపు, రెండవ దానికి వెనుక అయిదవది, మూడవ దానికి వెనుక నాలుగవది ఉంటాయి. మూడు వైపులు వరుసగా విని దొంతరను ఒక్కసారి తిరగవేస్తే చాలు. ఈ సంగతి తెలియనివారు ముద్రణలో పొరపాటు జరిగిందని అనుకుంటారు. ఏమైనా, పెళుసైన లక్కపలక పైనుంచి మరొక పలకపై పడే చప్పుడు వింటే రికార్డుల విలువ తెలిసినవారి గుండె ఝల్లుమనక మానదు. పాత 78లను చేంజరుపై దొంతరగా వేయకపోవడమే మేలు.

తెలుగునాట ఈ యంత్రాలతో జీవనం సాగించినవారు ఏది ఎన్నుకున్నారో చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. క్యాసెట్లు రాకముందు పెళ్లిపందిళ్లలోను, జాతరలలోను మైకుసెట్టు వారిదే రాజ్యం. ఒక ప్లేయరు, ఒక యాంప్లిఫయరు, చెట్టుకొమ్మకు కట్టిన లౌడ్ స్పీకరు వారి ఆస్తి. మాంగల్యధారణ వేళకు నాదస్వరం మోగాలి, అప్పగింతలప్పుడు తగిన పాట రావాలి. పురోహితుడు చెయ్యి ఊపిన క్షణంలో పాడుతున్న రికార్డును తీసి కావలసిన రికార్డులో కావలసిన పాటపై ముల్లు దించాలి. ఆటోమేటిక్ యంత్రమైతే ఎప్పుడూ రికార్డు అంచు నుంచే మొదలుపెడుతుంది. మూడవ పాట కావాలంటే చేతినే ఆశ్రయించాలి. సినిమాహాళ్లలో తెర లేవడానికి ముందు ఘంటసాల పాడిన వేంకటేశ్వర భక్తిగీతాన్ని వేసేవారు కూడ ఇట్లే సమయం చూసుకునేవారు. ఆకాశవాణి కేంద్రాలలో ఒక రికార్డు ముగిసేలోగా రెండవ ప్లేయరుపై తరువాతి పాట మొదటి అక్షరం దగ్గర ముల్లును సిద్ధంగా ఉంచేవారు. సరిగా ఏ క్షణంలో పాట మొదలు కావాలో తెలిసినవారికి చేతి యంత్రమే తగినది. 1972లో వెలువడి, నాట్యశాలలలో రికార్డులు వేసేవారి అభిమానం చూరగొన్న జపాను దేశపు టెక్నిక్స్ ఎస్ఎల్ 1200 కూడ మాన్యువల్ యంత్రమే.

ఇంట్లో వినేవారి అవసరం వేరు. వారు పాట పెట్టి వంటింట్లోకి పోతారు, పేపరు చదువుతారు, కునుకు తీస్తారు. మాన్యువల్ ప్లేయరులో పాట ముగిశాక ముల్లు చివరి గాడిలో గిర్రున తిరుగుతూనే ఉంటుంది. గంటసేపు అలా వదిలేస్తే 33⅓ వేగంతో అది రెండు వేల చుట్లు తిరుగుతుంది. చివరి గాడి చుట్టుకొలత సుమారు 33 సెంటీమీటర్లు కాబట్టి ముల్లు ప్రయాణం ఇంచుమించు 660 మీటర్లు. రికార్డు ఒక వైపంతా పాడటానికి ముల్లు సాగించే దూరం సుమారు 430 మీటర్లు మాత్రమే. అంటే ఏ పాటా వినకుండానే ఒకటిన్నర వైపుల అరుగుదల అన్నమాట. వజ్రపు మొన సైతం కొన్ని వందల గంటలకు అరిగిపోతుంది, అరిగిన ముల్లు తాకిన ప్రతి రికార్డునూ పాడుచేస్తుంది. వణికే చేతిలోనుంచి జారిన కడ్డీ చేసే గాయం దీనికంటే పెద్దది. మరచిపోయే స్వభావం, వణికే చెయ్యి ఉన్నవారికి ఆటోమేటిక్ యంత్రం విలాసవస్తువు కాదు, రికార్డుకు రక్ష.

ఆటోమేటిక్ యంత్రంలో ధ్వని నాణ్యత తగ్గుతుందని సంగీతాభిమానులు కొందరు గట్టిగా వాదిస్తారు. కొక్కెమూ మీటలూ కడ్డీకి అదనపు భారమన్నది నిజమే. అదే ధరలో మాన్యువల్ ప్లేయరు తయారుచేసేవాడు ఆ సొమ్మును మంచి కడ్డీకి, ముల్లుకు వెచ్చించగలడన్నదీ నిజమే. కాని చక్కగా తయారైన యంత్రాలలో ఈ భేదం అతి స్వల్పం. అరిగిన ముల్లుకు, కొత్త ముల్లుకు మధ్య ఉన్న తేడా ముందు అది లెక్కలోనికి రాదు. ఈ వాదంలో సంగీతం కంటె అభిమానం పాలు ఎక్కువనిపిస్తుంది.

అసలు జాగ్రత్తపడవలసింది పాత ఆటోమేటిక్ యంత్రాలతో. నలభై ఏభై ఏళ్ల క్రితం పళ్లచక్రాలకు పూసిన గ్రీజు ఎండి జిగురుగా మారిపోతుంది. కొక్కెం కదలదు. కదిలినా వెనక్కు పోదు. అప్పుడు కడ్డీ రికార్డు మధ్యలోనే లేస్తుంది, లేదా ముగింపులో లేవనే లేవదు. యంత్రం చెడిందని పారవేయకుండా పాత గ్రీజు తుడిచి కొత్తది పూయిస్తే చాలాసార్లు బాగుపడుతుంది. కడ్డీ కదులుతున్న సమయంలో కరెంటు పోతే అది గాలిలో ఆగిపోతుంది. కంగారుపడి చేతితో లాగితే పళ్లు విరుగుతాయి. కరెంటు వచ్చేదాకా ఓపిక పట్టాలి. మాన్యువల్ ప్లేయరులో ఈ బెడద లేదు. పాట శ్రుతి దిగిపోతూ నెమ్మదించి ఆగుతుంది, కడ్డీని తీసి పెట్టుకోవచ్చు.

ఇప్పుడు హనుమకొండ ఉపాధ్యాయుని కుమారుని వద్దకు రావచ్చు. అమెరికాలో పాత వస్తువుల దుకాణంలో ఒక మంచి చేంజరు చవకగా దొరికిందని అతడు సంతోషిస్తాడు. అక్కడి విద్యుత్తు 110–120 వోల్టులని, ఇక్కడ 230 వోల్టులని అతనికి తెలుసు కనుక ట్రాన్స్‌ఫార్మరు కూడ కొంటాడు. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని మారుస్తుందే కాని విద్యుత్ పౌనఃపున్యాన్ని మార్చలేదు. అక్కడ అది 60 హెర్ట్జులు, ఇక్కడ 50. పాత ప్లేయర్ల మోటార్ల వేగం ఈ పౌనఃపున్యాన్నే అనుసరిస్తుంది. ఆ యంత్రం ఇక్కడ ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. 33⅓ చుట్లు 28 లోపుకు పడిపోతాయి, 78 చుట్లు 65 అవుతాయి. శ్రుతి మూడు స్వరస్థానాలకు పైగా దిగిపోయి సుబ్బులక్ష్మి సుప్రభాతం మగగొంతుకు దగ్గరవుతుంది. అడాప్టరుతో నడిచే నేటి ప్లేయర్లకు ఈ దోషం లేదు. పాతదే కావాలనుకుంటే 50 హెర్ట్జులకు అమర్చినదో కాదో ముందే విచారించాలి.

కొత్త ఆటోమేటిక్ యంత్రం పంపితే? తక్కువ ధరలో దొరికే వాటిలో పెక్కింటికి 33⅓, 45 వేగాలే ఉంటాయి, 78 ఉండదు. భగవద్గీత పాడుతుంది, కాటిసీను పాడదు. పెట్టె ఆకారంలో ముచ్చటగా కనిపించే చవక ప్లేయర్లలో మూడు వేగాలూ ఉంటాయి కాని, ముల్లు ఒక్కటే, బరువూ ఎక్కువే. వేగం సరిపోయినంత మాత్రాన గాడికి ముల్లు సరిపోయినట్లు కాదు. పాత ప్లేయర్లు కొన్నింటిలో తిప్పి పెట్టుకునే జంట ముల్లు ఉండేది. ఒక వైపు 78కి, ఒక వైపు లాంగ్ ప్లేకి. తిప్పడం మరచిపోయి ఎందరో రికార్డులు పోగొట్టుకున్నారు.

ఆ ఇంటికి తగిన ఏర్పాటు ఇది. ఉపాధ్యాయుడు రోజూ వినదలచినవి లాంగ్ ప్లే రికార్డులు. వాటికి కొత్త ఆటోమేటిక్ ప్లేయరు చాలు. ఆయన చెయ్యి కడ్డీని తాకే అవసరమే ఉండదు. లక్క రికార్డుల పని వేరు. వాటికి 78 వేగం, మార్చుకోగల ముల్లు, బరువు సరిచేసుకునే వీలు ఉన్న మాన్యువల్ ప్లేయరు కావాలి. లావు మొన గల ముల్లును విడిగా కొని అమర్చి, బరువును మూడు నుంచి ఐదు గ్రాముల మధ్య ఉంచాలి. దీనిని సొంతంగా కొననవసరం లేదు, తెలిసినవారి వద్ద నుంచి కొన్ని రోజులకు తెచ్చుకున్నా సరిపోతుంది. చెయ్యి నిలకడగా ఉన్న మనుమడో మనుమరాలో ఒక్కొక్క రికార్డును ఒక్కసారి పాడించి, ఆ పాటను అదే సమయంలో కంప్యూటరులోకి ఎక్కించుకోవాలి. ఆ తరువాత తాతగారు ఆ పద్యాలను ఎన్నిసార్లు విన్నా పలక అరగదు. ఒకే యంత్రంతో రెండు పనులూ చేయించాలనే ఆశే ఇటువంటి ఇళ్లలో రికార్డులకు చేటు తెస్తున్నది.

పాడించే ముందు లక్క రికార్డును శుభ్రం చేయాలి. స్పిరిటు వంటి ద్రవాలు తగిలితే లక్క కరిగిపోతుంది కనుక వాటిని దగ్గరకు రానీయరాదు. మెత్తని గుడ్డను నీటితో తడిపి గాడి వెంబడి గుండ్రంగా తుడిచి, నడుమనున్న చీటీ తడవకుండా చూసి, నీడన ఆరబెట్టాలి. ఆరిన తరువాత నిలువుగా, ఒకదానికొకటి ఒరగకుండా పేర్చాలి. వరంగల్లు మే నెల ఎండలకు రేకుల గదిలోను, అటక మీద వినైల్ రికార్డులు వంకర తిరుగుతాయి. వంకర తిరిగిన దానిపై ముల్లు ఎగిరిపడుతుంది, దానిని చేతితో పెట్టినా యంత్రం పెట్టినా ఒకటే. పెట్టె దిగవలసింది అటక మీద నుంచి, చేరవలసింది ఇంటిలో అన్నిటికంటె చల్లగా ఉండే గదిలోనికి.